కట్టు కట్టినోళ్ల పేర్లు

పోచమ్మ బిడ్డ రాధిక పోలీసోడి తల ఒళ్లో పెట్టుకొని కుట్లు వేయించిందట. కళ్లతో చూసినవాళ్లు ఎవరూ లేరు. కల్లు దుకాణం కాడ ఎవరో అంటుంటే విన్నానని అంజవ్వ చెప్పిందని, బీడీలు చుట్టుకుంటూ బుచ్చవ్వ వాడకంతా పంచింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒళ్లో పెట్టుకున్న తల కాస్తా ముద్దు పెట్టుకున్న తలయింది.

జరిగింది ఇంతే. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెకు దిగిన రోజులు. కోరుట్ల చౌరస్తాలో రాస్తారోకో మీద లాఠీలు విరిగాయి, రాళ్లు లేచాయి. దెబ్బలు తిన్న పోరగాళ్లంతా రాధిక పనిచేసే చిన్న దవాఖానకే వచ్చారు. వాళ్ల వెనకే, నెత్తి పగిలిన కానిస్టేబులొకడు వచ్చాడు. డాక్టరు కుట్లు వేశాడు. రాధిక చేతులు కడుక్కుని, గ్లౌజులు మార్చి, గాయం తుడిచి కట్టు కట్టింది. అందరికీ చేసినట్టే.

మన దిక్కు దవాఖాన బెంచీ మీద కూర్చున్న మనిషిని ‘ఏమైంది’ అని అడగకపోతే తప్పు. అడిగితే చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. అలాంటిచోట రాధిక ఒకరి రోగం ఇంకొకరి చెవిన వెయ్యదు. పనిలో చేరినప్పుడు డాక్టరు నేర్పిన మొదటి పాఠం అదే, సూది పట్టడం ఆ తర్వాత. ‘నాలుగు అక్షరాలు రాంగనే పోరికి కండ్లు నెత్తికెక్కినయ్’ అని వాడకు ముందునుంచే మంట.

మరునాడు డాక్టరు బందులో జగిత్యాలలోనే చిక్కుకుపోయాడు. రాధిక ఒక్కతే షట్టరు సగం ఎత్తి కత్తెరలు ఉడకబెడుతోంది. వాడకు పెద్దమనిషి పరశురాములు గుంపును వెంటేసుకొని వచ్చాడు. రాస్తారోకోలో ఆయన కొడుకు మహేశ్ చెయ్యి విరిగింది, దానికి కట్టు కట్టిందీ రాధికే.

“నా కొడుకు చెయ్యి ఇరగ్గొట్టినోడే ఆ నెత్తి పలిగినోడు. గొల్లపల్లి దిక్కోడట. పేరు చెప్పు బిడ్డా, ఇంటికి వోయి అడిగొస్తం.”

“అడుగుతరా, ఇల్లు తగలవెడ్తరా?”

“గది మా ఇష్టం.”

“అయితే చెప్ప కాకా.”

వెనకనుంచి గుంపులోని దావీదు ఎగిరాడు. “నువ్వసలు తెలంగాణదానివేనా?”

“వంటావార్పు నాడు రోడ్డు మీద నీ పక్క పొయ్యి నాదే గదన్నా. పోలీసు జీపు రాంగనే పళ్లెం ఇడిశిపెట్టి ఉరికిందెవలు?”

గుంపులో నవ్వు పుట్టింది. పరశురాములు నవ్వలేదు.

“చెప్పకుంటే రేపటిసంది గీ షట్టరు లేవది. మీ అవ్వతోని వాడల ఎవలూ మాట్లాడరు. బతుకమ్మ కాడికి గూడ రానియ్యం.”

అన్నంత పని చేసే మనిషి అని రాధికకు తెలుసు. తల్లి పోచమ్మ గుర్తొచ్చింది. అయినా గిన్నె మూత తీసి, కత్తెర పైకెత్తి, ట్రేలో పెట్టింది. అప్పుడు తలెత్తింది.

“పొద్దుగాల ఎస్సై వచ్చిండు కాకా. నువ్వు నిలవడ్డ జాగలనే నిలవడ్డడు. రాళ్లేసినోళ్లల్ల ఎవలెవలికి కట్లు గట్టినవ్, పేర్లు చెప్పకుంటే ఠాణాకు గుంజుకపోత అన్నడు. చెప్పలే. ఇప్పుడు నోరు తెరిస్తే రెండు దిక్కులా తెరుస్త. ఎవల పేరు ముందు చెప్పాలె, వానిదా, మహేశ్‌దా?”