మల్లి జూలు

గుర్రం మీద కూర్చుని పొడవాటి కర్రతో బంతిని తరిమే పోలో ఆటలో, మగవాళ్ల జట్టుకు జీతానికి ఆడిన మొదటి ఆడమనిషి మన అముద. సొంతూరు కావేరిపట్టణంలో ఈ మాట చెబితే "అట్లానా?" అని మర్యాదకు తలూపి, పెళ్లెందుకు చేసుకోలేదని అడుగుతారు. పదహారేళ్లు ఆడింది. ఆట అయ్యాక మగవాళ్లంతా కబుర్లకు ఒక గదిలోకి పోయేవాళ్లు, అముద లాయంలోకి పోయేది. ఆమె మాటలు వినడానికి అక్కడ ఉన్నది తన సొంత గుర్రం మల్లి ఒక్కటే.

పోయిన ఏడాది కిందపడి కుడి భుజం విరిగింది. పోలో కర్ర కుడిచేత్తోనే పట్టాలి, ఎడమచేత్తో ఆడటానికి ఒప్పుకోరు. డాక్టరు ఇక చాలన్నాడు. మల్లిని తీసుకుని మత్తిగిరిలో ఒక అద్దె షెడ్డుకు వచ్చేసింది. ఆడే గుర్రానికి కర్ర చిక్కుకోకుండా జూలు పూర్తిగా గొరిగేస్తారు. ఈ పది నెలల్లో మల్లికి జూలు బాగా పెరిగింది. అముద రోజూ దాన్ని దువ్వి జడలు వేసింది. ఇంత వయసొచ్చి ఇదేం బొమ్మలాట అని నవ్వడానికైనా ఇంట్లో ఎవరూ లేరు.

ఆ ఉదయం తన పాత జట్టు కెప్టెన్ అనంతకుమార్ ఫోన్ చేశాడు. జట్టులోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చిందట, మల్లిని ఇస్తే ఆడుతుందట. "గుర్రాన్ని ఎక్కించే లారీ అప్పుడే జూజువాడి దాటింది మేడమ్, కాసేపట్లో మీ దగ్గరుంటుంది. మీరు వద్దంటే ఉత్తదే తిరిగి వచ్చేస్తుంది."

ఇవ్వకూడదనే అనుకుంది. మల్లి కూడా పోతే పొద్దున్నే ఎవరి కోసం లేవాలి?

పాలు తెచ్చిన షెడ్డు యజమాని రాజప్ప సంగతంతా విన్నాడు. "నీకుండేది అదొకటే గదమ్మా. అదీ పోతే ఈడ ఒక్కదానివే ఏం చేస్తావు?"

"నాకూ తెలీదప్పా. దాన్నే అడిగి చూస్తా."

పెట్టెలోంచి జూలు గొరిగే మిషను తీసి ఆన్ చేసింది. మల్లి బెదిరి పక్కకు జరిగితే చాలు, లారీని వెనక్కి పంపేద్దామనుకుంది. ఆటలకు పోయే ముందు వినే, బుర్రుమనే ఆ చప్పుడు వినగానే మల్లి చెవులు నిక్కబొడిచింది. మేత వదిలేసి గబగబా వచ్చి, మెడ వంచి ఆమె ముందు నిలబడింది. కాళ్లు నేల మీద నిలవడం లేదు. దానికి ఇంకా ఆడాలని ఉంది.

అముదకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎడమచేత్తోనే మెల్లగా, ఒక్క వెంట్రుక మిగలకుండా గొరిగింది.

లారీ వచ్చింది. ఎక్కడానికి డ్రైవరు ఏటవాలుగా పలక వేయగానే మల్లి తనంతట తానే ఎక్కేసింది.

"ఒకసారి ఇట్లా చూడే" అంది అముద.

అది చూడలేదు. చూసి ఉంటే అముద దాన్ని దింపేసుకునేదే. లారీ తలుపు తనే మూసి, గొళ్లెం తనే పెట్టింది.