గోడ నుంచి గోడకి

లోకంలో ఇంకెవరి ఒంట్లోనైనా అసూయ ఉంటే ఉండొచ్చు గానీ, తన ఒంట్లో మాత్రం అది మచ్చుకి కూడా లేదని కళ్ళద్దాల షాపాయన అందరికీ చెబుతుంటాడు. పరీక్షకి వచ్చినవాళ్ళు గడ్డం స్టాండు మీద ఆనించి, కళ్ళు మిషన్‌కి అప్పగించి కూర్చుంటారు కాబట్టి పారిపోయే దారి ఉండదు. విని తీరాల్సిందే.

ఆ మంగళవారం ఒక ముసలాయనకి ఇదే వినిపిస్తుండగా ఫోను మోగింది. తోడల్లుడు.

"అన్నయ్యా, మా హాల్లో థియేటర్ పెడుతున్నాను. ప్రొజెక్టరూ, తెరా! మీరే దగ్గరుండి ఎంచి పెట్టాలి. లెన్సుల సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

"అంతకన్నానా తమ్ముడూ! ఎంత సంతోషంగా ఉందో నాకు," అన్నాడు కళ్ళద్దాలాయన.

ఫోను పెట్టేసి చూసుకుంటే, ముసలాయన చీటీలో కుడి కంటి నంబరు ఎడమకీ, ఎడమది కుడికీ రాసి, కింద సంతకం ఉండాల్సిన చోట 'ప్రొజెక్టర్' అని రాసి ఉంది.

ఆయన బాధ ఆయనది. ఆ కుటుంబంలో పెద్దల్లుడాయన. ఇంట్లో అరవై అయిదు అంగుళాల టీవీ ఉంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అత్తగారూ, మరదలూ, తోడల్లుడూ వచ్చి దాని ముందు చేరతారు. అత్తగారు వాలుకుర్చీలో సర్దుకుని, "ఏమైనా మా పెద్దల్లుడింట్లో చూస్తేనే చూసినట్టుంటుంది," అంటుంది. ఆ ఒక్క మాట మీద ఆయన మళ్ళీ ఆదివారం దాకా బతికేస్తాడు. మధ్యలో భోజనం చేసేది కేవలం పెళ్ళాం వండింది కదా అన్న మర్యాదకే.

ఇప్పుడు ఆ మాట చిన్నల్లుడింటికి తరలిపోతుంది. ఆ చిన్నల్లుడు ఎవరయ్యా అంటే ప్లంబర్. గోడ కనిపిస్తే కన్నం పెట్టబుద్ధేసే మనిషి. అతని కొలతలన్నీ జానల్లోనే. అలాంటివాడికి థియేటర్!

కళ్ళద్దాలాయన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. వృత్తిరీత్యా అది ఎంత ప్రమాదమో తెలిసి కూడా పోసుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ ప్రొజెక్టర్లమ్మే షాపుకి వెళ్ళారు. ఉన్నవాటిలోకెల్లా పనికిమాలిన తెర తమ్ముడికి అంటగట్టాలని దారిలోనే నిర్ణయమైపోయింది. కానీ షాపువాడు నోరు జారాడు.

"తెల్ల తెర తీసుకోండి సార్. తెలుపైతే ఎక్కడైనా ధగధగలాడిపోతుంది."

"ఎక్కడైనానా?" కళ్ళద్దాలాయన ఒళ్ళు మండింది. "వీళ్ళ హాల్లో రెండు కిటికీలున్నాయి. పగటి వెలుతురు తెల్ల తెర మీద పడితే నలుపు నలుపుగా ఉంటుందా? బూడిదలా వెలిసిపోదూ? బూడిదరంగు తెర వేస్తే నలుపు నిలబడుతుంది. కిటికీలకి మందం కర్టెన్లు కట్టాలి. ఇరవై రెండేళ్ళ నుంచి కళ్ళతో కాపురం చేస్తున్నాను, నాకు చెబుతావా?"

"మీరు భలేవారన్నయ్యా!" అని తోడల్లుడు షాపులోకెల్లా మంచి తెర కట్టించేశాడు. నూట పదహారు అంగుళాలది.

కళ్ళద్దాలాయన తన నాలికని తానే కొరుక్కున్నాడు. శత్రువుకి కోట కట్టిపెట్టి, తాళంచెవి కూడా చేతికిచ్చినట్టయింది.

ఇక ప్రొజెక్టర్ మిగిలింది. షాపువాడు ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పాడు. "దూరం పెరిగేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది సార్. చిన్న హాలుకి ఒక రకం, పొడుగు హాలుకి ఒక రకం. మీ హాలు పొడవెంత?"

"పదిహేనో, ఇరవయ్యో జానలుంటుంది," అన్నాడు ప్లంబర్, గాల్లో చెయ్యి చాపి. "అన్నయ్యా, మీ అంచనా ఎంత?"

ఆ హాలు పొడవు పదకొండు అడుగుల రెండంగుళాలు. కళ్ళద్దాలాయనకి అది తన పేరుకన్నా బాగా గుర్తు. రెండేళ్ళ కిందట తోడల్లుడు ఆ ఇంట్లోకి మారినప్పుడు ఎర్ర తివాచీ బహుమతిగా తెచ్చింది ఆయనే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మరదలి దగ్గర తాళం తీసుకుని వెళ్ళి, నేల మీద పాకి మరీ కొలిచి, గోడ నుంచి గోడకి వెంట్రుక దూరే సందు లేకుండా పరిపించాడు.

"పదహారడుగులు," అన్నాడు.

షాపువాడు పదహారడుగులకి తగ్గ ప్రొజెక్టర్ కట్టి ఇచ్చాడు. పెట్టె విప్పాక మార్చేది లేదని కూడా చెప్పాడు. ఆ మాట వినగానే కళ్ళద్దాలాయన మొహం బుద్ధిమంతుడి ఫొటోలా ప్రశాంతమైపోయింది.

ఆదివారం మొదటి ఆట. వెనక గోడకి ఆనించి ప్రొజెక్టర్ బిగించారు. మరదలు కర్టెన్లు లాగింది. బొమ్మ పడింది. అంత తెరలో సగం కూడా నిండలేదు. దుప్పటి మధ్యలో ఎవరో జేబురుమాలు ఆరేసినట్టుంది. ప్లంబర్ జూమ్ తిప్పాడు, తిప్పాడు, ఇక తిరగనంటే దాన్ని బతిమాలాడు.

"ఇదేంటి, ఏనుగు కుక్కపిల్లంత ఉంది?" అంది అత్తగారు.

"హాలు చాల్లేదమ్మా," అంది కళ్ళద్దాలాయన భార్య. మొగుడి వైపు తిరిగింది. "పదహారన్నది మీరే కదండీ?"

"కంటి అంచనా చెప్పానే. నేనెప్పుడైనా ఈ హాలు కొలిచానా? టేపు పట్టుకుని ఈ ఇంట్లో వంగిన పాపాన పోలేదు," అన్నాడాయన, ఆ తివాచీ మీదే నిలబడి. లోపల మాత్రం డప్పులు మోగుతున్నాయి. వచ్చే ఆదివారం అందరూ మళ్ళీ మనింటికే.

"అయ్యో, అన్నయ్యదేం తప్పుంది?" అన్నాడు ప్లంబర్. "అడ్డంగా ఉన్నది గోడ. వెనక సామాన్ల గదే కదా, దాని మీద బరువేమీ లేదు."

కళ్ళద్దాలాయన మంచినీళ్ళు తాగి వచ్చేలోపు ప్లంబర్ సుత్తి తెచ్చాడు. సాయంత్రానికల్లా గోడ లేదు. జానలతో కొలిస్తే ఇరవై ఒక్కటి వచ్చింది. పదహారడుగులకి మూడంగుళాలు తక్కువ. ప్రొజెక్టర్‌ని వెనక్కి జరిపి వెయ్యగానే ఏనుగు తెర నిండా నిలబడింది. తొండం ఊపితే అందరూ తలలు వంచారు.

"అన్నయ్యా, మీరు పొరపాటున చెప్పినా దేవుడు పలికించినట్టు చెప్పారు! ఆ మాటే లేకపోతే ఈ గోడ పడగొట్టే ధైర్యం నాకెక్కడిది?" అని ప్లంబర్ సిమెంటు చేతులతోనే వాటేసుకున్నాడు.

"మా చిన్నల్లుడింట్లో చూస్తేనే చూసినట్టుంటుంది," అంది అత్తగారు.

ఆ మాటకి కళ్ళద్దాలాయన కడుపులో లేచిన మంట మీద పాతికమందికి టీ కాచొచ్చు. తన వాలుకుర్చీ కూడా అప్పటికే అక్కడికి చేరింది. అత్తగారికి అదే అలవాటని పెళ్ళామే ఆటోలో వేయించి పంపింది. ఆయన అరవై అయిదు అంగుళాల టీవీ మీద దుమ్ము పేరుకుంటోంది. ఆయన రోజూ తుడుస్తున్నాడు గానీ, ఆయన కళ్ళకి పేరుకున్నట్టే కనిపిస్తోంది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆ ఇంట్లో ఒక వింత జరిగింది. ఆట మొదలయ్యే వేళకి రిమోట్‌లో బ్యాటరీలు మాయం. ప్లంబర్ ప్రతిసారీ పరుగెత్తుకెళ్ళి కొత్తవి తెచ్చేవాడు. పక్కింటి పిల్లి మీద అనుమానపడ్డారు. మరదలు దానికి రెండు రోజులు కాపలా కాసింది. పిల్లికి కూడా తన మీద తనకే అనుమానం వచ్చి ఆ వీధి వదిలేసింది.

నాలుగో ఆదివారం అత్తగారు వాలుకుర్చీలోంచి కాళ్ళు కిందపెట్టి, చటుక్కున పైకి తీసేసుకుంది.

"అబ్బా, నేల జిల్లుమంటోంది!"

అందరూ కిందకి చూశారు. ఎర్ర తివాచీ హాలు మధ్యలోనే ఆగిపోయింది. అక్కడి నుంచి వెనక గోడ దాకా దాదాపు అయిదడుగుల బోడి నేల.

అత్తగారు ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. కురచ గుడ్డ అంటే ఆవిడకి పడదు.

"ఈ తివాచీ మీరు తెచ్చిందే కదా పెద్దల్లుడుగారూ? ఇంత కురచ తెచ్చారేమిటి? ఏదో కళ్ళతో అంచనా వేసి తెచ్చేసినట్టున్నారు."

"పాపం బావగారికి ఏం తెలుస్తుందమ్మా," అంది మరదలు. "అద్దాలంటే ఇంతేసి ఉంటాయి గానీ, ఇంత పెద్దవి కొలవడం ఎవరి వల్లవుతుంది?"

"కురచా?" కళ్ళద్దాలాయన లేచి నిలబడ్డాడు. మెడ నరాలు తేలాయి. "నా కొలత తప్పడమా? పదకొండు అడుగుల రెండంగుళాలు! నేల మీద పాకి, మూలమూలకీ టేపు పెట్టి, ఒకటికి మూడుసార్లు కొలిచి తెచ్చాను! అప్పుడు గోడ ఎక్కడుందో అక్కడికి వెంట్రుక తేడా వస్తే నా పేరు..."

పేరు దగ్గర ఆగిపోయాడు.

తెర మీద ఏనుగు కూడా ఆగింది. రిమోట్ పలక్కపోతే ప్లంబర్ లేచి ప్రొజెక్టర్ మీదే మీట నొక్కి బొమ్మ ఆపాడు.

"కొలిచారా అన్నయ్యా?" అన్నాడు మెల్లగా. "మరి ఈ ఇంట్లో టేపు పట్టుకుని వంగలేదన్నారే?"

కళ్ళద్దాలాయన భార్య కుర్చీ ఇటు తిప్పుకుంది. మొగుడి మొహం వైపు చూస్తూ కూర్చుంది. అయిదు నిమిషాల తిట్లకన్నా ఆ చూపే బరువుగా ఉంది.

"తెలుసు," అన్నాడాయన. "షాపులో అడిగినప్పుడే తెలుసు. పదకొండుంటే కావాలనే పదహారన్నాను తమ్ముడూ. బొమ్మ చిన్నగా పడాలని. చిన్నగా పడితే మీరంతా మళ్ళీ మా ఇంటికే వస్తారని." తివాచీ అంచుని కాలితో సవరించాడు. "కుళ్ళు. ఇంకేం కాదు, వట్టి కుళ్ళు. అత్తయ్యగారు ఆ మాట మా ఇంట్లోనే అనాలని."

అత్తగారు వాలుకుర్చీలో ముందుకి వంగి, పెద్దల్లుణ్ణి పైనుంచి కింద దాకా, కుట్టు లోపం వెతుకుతున్నట్టు చూసింది. చూపు ఆయన చొక్కా జేబు దగ్గర ఆగింది. జేబు బరువుకి కిందకి వేలాడుతోంది.

"మరి బ్యాటరీలో?" అంది.

"అది ఆ పిల్లి..." అని మొదలుపెట్టి, ఆయన ఆగి, జేబులో చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే తీసి ఎర్ర తివాచీ అంచున వరసగా పెట్టాడు. ఎనిమిది.

"మూడు వారాలకి ఆరే కదండీ కావాలి?" అంది పెళ్ళాం.

"ఇవాళ్టివి కూడా తీశాను."