ఇల్లు నడిచిన రోజు

మట్టి మెత్తగా పడుతుంది.

ముందు ఒక నిట్టూర్పు. ఆపైన నీళ్లలో బుడుంగుమని ఒక చప్పుడు. ఆపైన ఏమీ ఉండదు. మెకాంగ్ నది ఎప్పటిలాగే గోధుమరంగులో, నింపాదిగా...

నదికి కోపం లేదు. ఏడో మామకి ఆ సంగతి తెలుసు. నది అడుగున ఇసుక లేదు, అంతే.

ఇసుకను పడవలు తోడుకుపోయాయి. అది దూరంగా పొలాల మీదుగా రహదారి అవుతోంది. అడుగు పోయిన ఒడ్డు కొద్దికొద్దిగా నదిలోకి ఒరుగుతోంది. మొన్న జామచెట్టు వెళ్లింది. ఇవాళ వాకిలికీ నీళ్లకీ నడుమ ఒక చాప పరిచేంత చోటు మిగిలింది.

ఊరంతటికీ ఆయన ఏడో మామ. ఇక్కడ మనుషులను పుట్టిన వరసతో పిలుస్తారు. ఆ వరస రెండుతో మొదలవుతుంది. ఒకటి ఎవరికీ ఇవ్వరు.

ఆయనా భార్యా కలిసి కట్టుకున్న ఇల్లది. కర్ర స్తంభాలు, ఆకుల కప్పు. భార్య లేదు. ఇల్లుంది.

ఊడదీస్తే మళ్లీ నిలబడదు. ముసలి కర్ర, మేకు పట్టదు. ఉన్నపళంగా ఎత్తి కొబ్బరితోట వెనక్కి మోసుకుపోవాలి. స్తంభాలకి వెదుళ్లు కట్టి, ఊరంతా భుజం పెట్టి.

ఊరేదీ?

భుజాలు ఫ్యాక్టరీలకి వెళ్లిపోయాయి. ఇసుక వెళ్లిన వైపే. పొద్దున్నే వచ్చినవాళ్లలో సగం మందికి తమ నడుమే ఒక బరువు.

ఎత్తారు. ఇల్లు కిర్రుమంది. లేవలేదు.

"నీ దగ్గరే నేర్చుకుంది ఏడో అన్నా," అంది పక్కింటి నాలుగో వదిన. "చాప మీద కూలబడితే లెమ్మన్నా లేవవుగా నువ్వు!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతున్నంతసేపు నడుము నొప్పి తెలియలేదు... అదీ ఒక దయే.

మట్టి మెత్తగా పడింది. చాప పరిచే చోటు పీటంత అయింది.

రహదారిని తిట్టొచ్చు. ఊళ్లో తిట్టేవాళ్లున్నారు. ఆయనకి నోరు రాదు. భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు దారంతా గుంటలు. ప్రతి గుంటకీ ఆవిడ ఆయన చెయ్యి నొక్కింది. బల్లకట్టు కోసం రేవులో బళ్ల వెనక ఆగారు. అక్కడ, గుంటలేవీ లేనిచోట — నొక్కడం ఆగిపోయింది.

ఈ కొత్త దారి అప్పుడే ఉండి ఉంటే...

చిన్న కూతురు థోమ్ ఇప్పుడు ఆ దారి మీదే పని చేస్తుంది. రోలర్ నడుపుతుంది. తన వాకిలి కింది ఇసుకనే తొక్కుతుంది. ఆ మాట తండ్రీ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు.

మధ్యాహ్నం గట్టు మీద నారింజరంగు కదిలింది. ఎండలో నిప్పులు నడిచొస్తున్నట్టు. దగ్గరికొస్తే చొక్కాలు. రోడ్డు పనివాళ్ల చొక్కాలు. అందరికంటే ముందు థోమ్.

"భోజనం మానేసి వచ్చాం నాన్నా. గబగబా కానివ్వాలి."

"వీళ్లంతా ఎవరే?"

"మా జట్టు. వీళ్ల ఊళ్లలోనూ నదులు ఒడ్లను తింటున్నాయిలే. తప్పుకో, ఆ పక్కకి నువ్వొద్దు. నీళ్ల వైపు మేం పడతాం."

నీళ్ల వైపు, ఆ పీటంత చోటులో, ఆమే మొదట కాలు పెట్టింది.

"రెండు... మూడు!"

ఎత్తేటప్పుడు కూడా ఒకటి అనరు ఇక్కడ. ముందెవరూ ఉండరు. అందరూ ఒకేసారి.

ఇల్లు లేచింది.

లేచింది — దులపరించుకుని లేచిన ముసలి గేదెలా. లోపల గోడకున్న పూజ పలక ఊగింది, పడలేదు. కప్పు మీది పిచ్చుకలు ఎగరలేదు. తాతల కాళ్లు, ఆడవాళ్ల కాళ్లు, బురద బూట్లు... ఇంటికి ఇన్ని కాళ్లుంటాయని ఏడో మామకి తెలియదు.

"తాతా! అటక మీది జాడీలో ఏముంది? నా నెత్తిన కారుతోంది!" ఇంటి లోపలి వెదురు మోస్తున్న ఒక కుర్రాడి కేక.

"ఊరేసిన చేపలురా అబ్బాయ్! నాకి చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు!" అంది నాలుగో వదిన.

ఇల్లు నవ్వుతూ నడిచింది. కొబ్బరిచెట్ల మధ్య నుంచి, కొబ్బరి నీడలు కప్పు మీద వేసుకుంటూ...

దించారు. స్తంభాలు కొత్త నేలను పట్టుకున్నాయి. ఏడో మామ అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. ఇలాంటి మనుషులున్న దేశం నాది, అనుకున్నాడు.

థోమ్ వెళ్లబోతూ ఆగింది. నేల చూస్తూ అంది: "ఈ వానలు దాటాక దారి తెరుస్తారట నాన్నా. ఆసుపత్రికి ఇక రేవు దాటక్కర్లేదు."

ఆయన ఆమె భుజం మీది ఆకుముక్క దులిపాడు. వెదురు ఒరిసి చర్మం ఎర్రగా కందింది.

"గట్టిగా తొక్కు తల్లీ," అన్నాడు. "మీ అమ్మ కుదుపులు ఓర్చుకోలేదు."

ఆమె తలూపింది. నారింజరంగు గట్టెక్కి, చిన్నదై, ఎండలో కలిసిపోయింది. కాసేపటికి పొలాల అవతల రోలర్ మూలుగు మొదలైంది.

ఏడో మామ కొత్త వాకిట్లో కూర్చున్నాడు. విన్నాడు.

కొబ్బరిచెట్ల ఆవల, నది వైపు ఒక నిట్టూర్పు.

మట్టి మెత్తగా పడింది... కాస్త దూరంగా.