కార్డు మీద లేని మనిషి

రెండో ఆదివారం మధ్యాహ్నం ఎనిమిదో నంబరు గదిలో ఆరుగురి కంచాలు మల్లీశ్వరే కడిగింది. కడగమని ఎవరూ అనలేదు. మహబూబ్‌నగర్‌లోని ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీ హాస్టల్లో ఒక ఆచారం ఉంది, ఏ కాలపు సీనియర్లు పెట్టిపోయారో తెలియదు. నెలకొకసారి చూడవచ్చేవాళ్లు తెచ్చిన డబ్బా ఆ పిల్లది కాదు, గదిది. హిబా వాళ్లమ్మ హలీమా కొల్లాపూర్ నుంచి బగారన్నం తెచ్చేది. వర్షిత వాళ్లింటి నుంచి పప్పూ బెల్లం కూరిన పోలెలు వచ్చేవి. కింద దుప్పటి పరిచి, గుండ్రంగా కూర్చుని, ఎవరమ్మ చేతి వంట ఎట్లుందో వంకలు పెట్టుకుంటూ తినేవాళ్లు. మల్లీశ్వరికి ఆగస్టులో ఎవరూ రాలేదు. ఊరికే తిన్నట్టు అనిపించి, తినడం కాగానే కంచాలన్నీ పోగేసి నల్లా దగ్గరికి పట్టుకుపోయింది. సెప్టెంబరులోనూ ఎవరూ రాలేదు. ఈసారి ఆమె లేవకముందే కంచాలు ఒక్కొక్కటే ఆమె ముందుకు జరిగాయి. జరిపినవాళ్లకు కూడా తాము జరిపినట్టు తెలియదు. ఇంట్లో దొడ్డి ఊడ్చడం, బాపు తువ్వాల ఉతకడం, అన్న గిరి తిని లేచిన చోట తుడవడం తన చేతికి ఎట్లా వచ్చాయో మల్లీశ్వరికి ఆ నల్లా కింద అర్థమైంది.

ఎవరైనా రావడానికి ఊరు దగ్గర కాదు. వాళ్లది కేతేపల్లి పక్క పల్లె. నలభై గొర్రెలు, రెండు బర్రెలు, రెండెకరాల పత్తి. సీటు ఈ కాలేజీలో వచ్చిందని తెలిసినప్పుడు బాపు గుర్వయ్య, అంత దూరం ఎందుకు, నల్లగొండల లేదా అన్నాడు. తర్వాత తనే తీసుకొచ్చి చేర్పించాడు. ఆ రోజు ఆఫీసులో ఒక కార్డు ఇచ్చారు. పిల్లను చూడటానికి ఎవరొస్తారో వాళ్ల ఫొటోలు అంటించాలి, రెండే గళ్లు. బాపు జేబులోంచి తన ఫొటో, గిరి ఫొటో తీశాడు. గుమస్తా, తల్లిది లేదా అని అడిగితే, ఆమెకు దారి తెల్వది సార్, ఆమె యాడికి రాదు అన్నాడు. అమ్మ రామమ్మ ఫొటో మల్లీశ్వరి సంచిలోనే ఉంది, దరఖాస్తు కాగితాల మధ్య, పిన్నుతో గుచ్చి. ఆమె దాన్ని తీయలేదు. గిరన్న ఏ ఆదివారమూ రాడని ఆమెకు అప్పుడే తెలుసు. అయినా తీయలేదు.

హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు. శనివారం సాయంత్రం వార్డెన్ గది ముందు వరుసలో నిలబడితే, మేడం ఫోన్లో మూడు నిమిషాలు మాట్లాడుకోవచ్చు. ఇంట్లో ఉన్నవి రెండు ఫోన్లు, ఒకటి బాపుది, ఒకటి గిరిది. ఏ వారం చేసినా అమ్మ పనిలోనే ఉండేది. పాలు పిండుతాంది అనేవాడు బాపు. దొడ్లె ఉంది, రొట్టెలు చేస్తాంది, మళ్ల చెయ్యి. అట్లా రెండు నెలల్లో మల్లీశ్వరి ఒక్కసారి కూడా అమ్మ గొంతు వినలేదు. మెస్‌లో పరిచయాల సంబరం పెట్టి, జూనియర్లంతా ఒక్కొక్కరే బల్ల ఎక్కి పేరు, ఊరు, ఇంట్లో ఎవరంటే ఎక్కువ ఇష్టమో చెప్పాలన్నప్పుడు, ఆమె వంతు వచ్చింది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, మూడోది చెప్పలేక బల్ల అంచు చూస్తూ నిలబడింది. సీనియర్లు చప్పట్లు కొట్టి దింపేశారు. పిరికిది అనుకున్నారు. ఆ తర్వాత ఆమెతో ఎవరూ చెడ్డగా ఉండలేదు, ప్రత్యేకంగా మంచిగానూ ఉండలేదు. తరగతిలో మూడో బెంచీ చివర, మెస్‌లో తలుపు పక్క, గదిలో కిటికీ కింది మంచం. అంతా ఇంగ్లీషులో చెప్పే పాఠాలను తెలుగులో రాసుకుంటూ ఎవరినీ ఏమీ అడగకుండా ఆమె రోజులు వెళ్లదీసింది.

ఆగస్టు చివర్లో అవ్వ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అవ్వ అంటే బాపు తల్లి. మల్లీశ్వరిని ఎత్తుకు తిప్పింది, గొర్రెల వెంట తీసుకుపోయింది, రేగుపళ్లు ఒళ్లో పోసింది ఆ మనిషే. ముసలామె కాబట్టి కోయలేమని డాక్టర్లు ఇంటికి పంపారు. ఇక మంచంలోనే అన్నీ. ఫోన్లో బాపు ఆ సంగతి చెప్పి, ఆడమనిషి ఒక్కతైతే ఎట్ల సరిపోతది, దసరకు వచ్చినంక చూద్దాం తియ్యి అన్నాడు. ఏం చూద్దామో చెప్పలేదు. ఆ మాటకు మల్లీశ్వరి భయపడాలి. కానీ ఫోన్ పెట్టేసి మెట్లెక్కుతుంటే, లోపల ఎక్కడో ఒక వెచ్చదనం లాంటిది కదిలింది. ఇంటికి పోవచ్చు. నేను ఉండలేకపోయాను అని ఎవరికీ చెప్పుకోనక్కర లేకుండా, అవ్వ కోసం వచ్చాను అనే మంచిపేరుతో పోవచ్చు. అట్లా అనుకున్నందుకు సిగ్గుపడింది. అయినా ఆ ఆలోచనను వదులుకోలేదు.

సెప్టెంబరు మూడో ఆదివారం పన్నెండు దాటాక కింది నుంచి కబురు వచ్చింది. నీ కోసం ఎవరో వచ్చిన్రు, మీ అమ్మనంటాంది అని. అది చూడవచ్చే ఆదివారం కాదు. వేరే మల్లీశ్వరి అయి ఉంటుందనుకుంటూనే ఆమె దిగిపోయింది.

గేటు అవతల కమ్మీలు పట్టుకుని రామమ్మ నిలబడి ఉంది. పెళ్లిళ్లకు కట్టే వంగపండు రంగు చీర, చెప్పుల నిండా దుమ్ము. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఆధార్ కార్డు. ఆ కార్డును వాచ్‌మన్ లింగస్వామి కళ్ల ముందు పెట్టి, గీ ఫొటో నాదే, గీ పిల్ల నాదే అంటోంది. లింగస్వామి చెడ్డవాడు కాదు. అమ్మా, ఇయ్యాల చూసే దినం కాదు, దినమైనా పిల్ల కార్డు మీద నీ ఫొటో లేదు, నేనేం చేస్త అని మెల్లగానే చెబుతున్నాడు. రామమ్మ కూతురి వైపు చూసింది. ఎందుకు లేదని అడగలేదు. కడుపులో మోసిన మనిషి కమ్మీల అవతల రుజువు పట్టుకుని నిలబడి ఉంటే, మల్లీశ్వరి వార్డెన్ మేడం దగ్గరికి పరుగెత్తింది. మేడం పై నుంచి ఒకసారి తొంగి చూసి, పావుగంట, గేటు పక్క బల్ల మీదే అంది.

సిమెంటు బల్ల మీద రామమ్మ కొసకు కూర్చుంది. ముందు సంచి విప్పింది. సద్ద రొట్టెలు, ఎల్లిపాయ కారం. తిను, నేను చూస్త అంది. తెల్లారకముందే బయలుదేరిందట. ఇంట్లో చెర్వుగట్టు దేవుడికి మొక్కు ఉందని చెప్పిందట. బర్రెలను, అవ్వను ఈ ఒక్కనాటికి పక్కింటి సుగుణమ్మకు అప్పజెప్పిందట. నకిరేకల్, నల్లగొండ, దేవరకొండ, అక్కడి నుంచి ఇక్కడికి. ఆడవాళ్లకు టికెట్ లేకపాయె, ఎవ్వర్ని అడిగేది లేకపాయె అంది.

"దారెట్ల తెలిసింది అమ్మా?"

"బస్సుల మీద బోర్డులుంటయి గద. చదువుకుంట వచ్చిన."

మల్లీశ్వరి చేతిలో రొట్టె ఆగిపోయింది. అమ్మకు సంతకం మాత్రమే వచ్చనుకుంది ఇన్నేళ్లూ. ఆ ఇంట్లో చదవడానికి ఏ కాగితమూ ఎవరూ ఆమె చేతికి ఇవ్వలేదు, ఆమె అడిగి తీసుకోనూ లేదు.

"ఏడో తరగతి దాక పోయిన," అంది రామమ్మ, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు. "మా అమ్మకు కాన్పైతే మా నాయిన ఇంటికాడ ఉండమన్నడు. నెల దినాలే అన్నడు."

తర్వాత రామమ్మ తను వచ్చిన పని చెప్పింది. దసరాకు వచ్చాక పిల్లను మళ్లీ పంపొద్దని తండ్రీకొడుకులు అనుకుంటున్నారు. డిగ్రీ ఇంటి నుంచి కూడా కట్టుకోవచ్చట. అవ్వకు నీళ్లు పోయడం, బట్టలు మార్చడం మగవాళ్లు చేసే పని కాదట. ఇక్కడ నెల రోజులు తప్పిపోతే సీటు తీసేస్తారని గిరి కాలేజీ కాగితం చదివి చెప్పాడు, దసరా దాకా ఆగకుండా ఇప్పుడే పిలిస్తే సీటు దానంతటదే పోతుందన్నాడు.

"నేనొస్త అమ్మా," అంది మల్లీశ్వరి. "నువ్వొక్కదానివి ఎన్నని చేస్తవు?" ఆ మాటలో సగం అమ్మ మీద ప్రేమ, సగం ఆ కిటికీ కింది మంచం మీద విసుగు.

రామమ్మ కూతురి ముఖాన్ని చాలాసేపు చూసింది. "నీకు ఈడ మనసున పడుతలేదు," అంది. మల్లీశ్వరి తల దించుకుంది. "పడకపోతే పడకపాయె. ఉండు. మీ బాపు ఫోన్ చేస్తడు. అవ్వ పిలుస్తాందంటడు, నాకు బాగలేదంటడు. ఏమన్నా రాకు. నేను చేసుకుంట."

పావుగంట అయిపోయింది. లేస్తూ, నీ గదేది అని అడిగింది. మూడో అంతస్తులో ఎడమ నుంచి నాలుగో కిటికీ అని మల్లీశ్వరి చూపించింది. రామమ్మ చేయి అడ్డం పెట్టుకుని, వేలితో లెక్కబెట్టి, గాలి వస్తదా అని అడిగింది. వస్తది అంటే, మంచిది అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మల్లీశ్వరి ఆఫీసుకు పోయి, కార్డులో ఫొటో మార్చాలంది. మార్చొచ్చు, తండ్రి సంతకం తీసుకురా అన్నారు.

గురువారం కెమిస్ట్రీ క్లాసులోంచి ఆమెను పిలిచారు. వార్డెన్ గదిలో ఫోన్ లైన్లోనే ఉంది.

"మీ అమ్మకు బాగలేదు. మంచం మీద నుంచి లేస్తలేదు," అన్నాడు బాపు. "బస్సెక్కు."

ఆదివారం అమ్మ చెప్పిపోయిన మాట ఆమెకు గుర్తొచ్చింది. దవాఖానకు తీసుకుపోయినవా అని అడిగింది. పోతం, ముందు నువ్వు రా, ఈడ అవ్వను చూసేటోళ్లు లేరు అన్నాడు ఆయన. ఆ రెండో ముక్క వినకపోతే ఆమె బయలుదేరేదేమో. తర్వాత చాలాసార్లు అదే అనుకుంది. ఆయన మాటలో ముందు అవ్వ, ఆ తర్వాత అమ్మ, చేసేవాళ్లలో మాత్రం ఎక్కడా ఆయన లేడు.

"అవ్వ నీ తల్లి గద బాపు," అంది. "అమ్మను దవాఖానకు తీస్కపో. అవ్వకు నువ్వే చెయ్యి."

అవతల గొర్రెల అరుపులు వినిపించాయి. మంచిగ చదువుతున్నవ్ అన్నాడు బాపు, ఫోన్ పెట్టేశాడు. వార్డెన్ మేడం బల్ల మీది కాగితాలు సర్దుతూ ఏమీ విననట్టే ఉంది. మల్లీశ్వరి క్లాసుకు తిరిగిపోయి, బోర్డు మీద ఉన్నదంతా అక్షరం పొల్లు పోకుండా రాసుకుంది. ఏం రాసుకుందో తెలియదు.

ఆ శనివారం బాపు ఫోన్ ఎత్తలేదు. గిరికి చేస్తే ఎత్తి, ఆమె గొంతు విని, ఎవరు కావాలె అన్నాడు. ఆమె జవాబు వెతుక్కునే లోపలే పెట్టేశాడు. సెలవులకు ముందు కాలేజీలో బతుకమ్మ ఆడతారు, పూలు తెచ్చి పేర్చే పని మొదటి ఏడాది వాళ్లది. తంగేడు, గునుగు కోసుకొచ్చి, తొడిమలు సమంగా కత్తిరించి, మల్లీశ్వరి తన నడుమెత్తు బతుకమ్మను ఒక్కతే పేర్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆట మొదలయ్యాక వలయంలో ఆమెకు అటొక చేయి, ఇటొక చేయి తగులుతూనే ఉన్నాయి. అయినా ఆ రెండు వందల మంది మధ్య తను వేసిన చప్పట్లు తనకే విడిగా వినిపించాయి. ఇంటికి పోతే తలుపు తీస్తారో లేదో తెలియని పిల్ల ఆ గుంపులో తనొక్కతే అనుకుంది.

ఊళ్లో బస్సు దిగితే తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. సంచి భుజాన వేసుకుని నడిచిపోయింది. రామమ్మ వాకిట్లోనే ఎదురైంది. మనిషి సగమైంది. సంచి అందుకోవడానికి చాచిన చేతి మీద సూది గుచ్చిన చోట ఇంకా నల్లగా కమిలి ఉంది.

"ఇదేంది అమ్మా?"

"సిలైన్ పెట్టిన్రు. నకిరేకల్ దవాఖానల మూడు దినాలున్న. రక్తం లేదన్నరు."

ఏ రోజు పోయినవని అడిగింది మల్లీశ్వరి. బాపు నీకు ఫోన్ చేసిన గురువారం అంది అమ్మ. వాకిలి గచ్చు మీద మల్లీశ్వరి అట్లాగే కూలబడింది. బాపు అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెబుతాడని అమ్మ ముందే చెప్పి పోయింది, ఆ అబద్ధం నిజమై వచ్చింది, తను రాలేదు.

"నేను రాలేదు," అంది.

"నేనే రావద్దన్న గద," అంది రామమ్మ. ఇంకో మాట కూడా అంది. "ఆ మూడు దినాలు నువ్వు వస్తే మంచిగుండని అనిపించింది. వస్తవేమోనని భయం గూడ అయింది." అంతకు మించి ఆ సంగతి వాళ్లిద్దరూ మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

లోపల అవ్వ మనుమరాలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడ్చింది, నవ్వింది, చెంపలు తడిమింది. తర్వాత గొంతు తగ్గించి చాడీలు మొదలుపెట్టింది. "మీ బాపుకు నీళ్లు పొయ్యొస్తలేదు బిడ్డా. మంట మీదికెల్లి తీసినయి తీసినట్టే పోస్తడు. సబ్బంత కండ్లల్ల పెడ్తడు. ఉన్నన్ని దినాలు నువ్వు పొయ్యి."

అంతలో వెనక తలుపులోంచి గుర్వయ్య బకెట్ పట్టుకుని వచ్చాడు. పంచె మోకాళ్ల పైకి కట్టి ఉంది, భుజాన అవ్వ చీర మడత ఉంది. కూతుర్ని చూశాడు, పలకరించలేదు. బకెట్ ఆమె ముందు పెట్టి, చెంబు ఆమె వైపు చాచాడు. ఆమెకు తీసుకోవాలనే ఉంది. అవ్వ వీపు ఎట్లా రుద్దాలో, ఎక్కడ నొప్పి అంటుందో ఆ చేతులకు తెలుసు. బకెట్లో వేలు పెట్టి చూసి, నిజంగానే కాలుతుంటే, ఇంకో గిన్నెతో చన్నీళ్లు తెచ్చి కలిపింది. తర్వాత మంచం అవతలి వైపుకు పోయి, అవ్వ మెడ కింద చెయ్యి వేసి లేపి పట్టుకుంది.

"తల నేను పట్టుకుంట," అంది. "నువ్వు పొయ్యి బాపు. మెల్లగ."

గుర్వయ్య చాచిన చెంబును వెనక్కి తీసుకుని బకెట్లో ముంచాడు. తర్వాత వంగాడు. అవ్వ భుజం మీదుగా మల్లీశ్వరికి వాకిలి కనిపిస్తోంది. పొయ్యి మీద ఏమీ లేదు, చేతిలో ఏమీ లేదు, గడప పక్క గోడకు ఆనుకుని, కాళ్లు బారచాపుకుని అమ్మ ఊరికే కూర్చుని ఉంది.