పావుకిలో తక్కువ

సబ్బుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ తక్కెడమ్మ అనేవారు. ఖాళీ పెట్టె బరువు తీసేయనిదే ఏ తూకాన్నీ ఒప్పుకునేది కాదు. సూపర్‌వైజరు మొహం మాడ్చుకున్నా సరే, పెట్టె మళ్లీ కాటా ఎక్కాల్సిందే.

కాన్పయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగిందో, ఎన్ని గుడ్డలు తడిపిందో ఒక కాగితం మీద గీతలు గీసుకునేది. రోజుకు ఆరు గుడ్డలకు తగ్గకుండా తడిపితే పాలు సరిపోతున్నట్టేనని ఆసుపత్రిలో చెప్పి పంపారు. బిడ్డ ఎనిమిది తడుపుతోంది.

"గుడ్డలు చూసి పాలు లెక్కగట్టే తల్లిని ఇప్పుడే చూస్తున్నా" అనేది అత్త. "నీ బక్క ప్రాణానికి పాలెక్కడివే?"

పదోరోజున కుట్లు లాగుతుంటే తను కదల్లేక, బిడ్డను అత్తకిచ్చి ఆరోగ్య కేంద్రానికి పంపింది. అక్కడి నర్సు మూడు కిలోల నాలుగొందలని కార్డులో రాసింది. వారం తిరిగాక తనే వెళ్లి, బిడ్డ బట్టలన్నీ విప్పి తూయించింది. మూడు కిలోల నూట యాభై.

"పావుకిలో తగ్గింది. డబ్బా పాలు మొదలుపెట్టండి" అంది, ఆ రోజు డ్యూటీలో ఉన్న మరో నర్సు.

"ఎనిమిది గుడ్డలు తడుపుతోందండీ..." అని నసిగింది తక్కెడమ్మ.

ఇంటికొచ్చాక మొగుడు కార్డు తిరగేసి చూశాడు. "కాటా అబద్ధమాడదని నువ్వే అంటావుగా. ఇంకేం కావాలి?"

తన మాటే తన నోరు నొక్కేసింది. గీతల కాగితం చించి పారేసింది. సీసాకు అలవాటుపడ్డ బిడ్డ రొమ్ము అందిస్తే మొహం తిప్పుకోసాగింది. నెల తిరిగేసరికి పాలు ఇంకిపోయాయి.

టీకా రోజున అత్తాకోడళ్లిద్దరూ వెళ్లారు. కాటా దగ్గర ఆమె బిడ్డ బట్టలు విప్పుతుంటే అత్త అడ్డం వచ్చింది.

"చలికి అన్నీ ఊడదీస్తావేంటే? నేను తెచ్చినప్పుడు దుప్పటితోనే తూచారు. నిక్షేపంలా బరువొచ్చింది."

ఆమె చేతులు ఆగిపోయాయి. బిడ్డను అత్త చేతిలో పెట్టి, అప్పటి ఆ దుప్పటినే మడతపెట్టి కాటా మీద ఉంచింది. నాలుగొందల యాభై గ్రాములు.

అంటే ఆ వారం బిడ్డ తగ్గలేదు. రెండొందల గ్రాములు పెరిగింది.

"ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"నువ్వు అడిగావా? పొద్దస్తమానం తూచేదానివి, నీకు తట్టొద్దూ?"

ఆమె నర్సు వైపు తిరిగింది. "ఆ మొదటి తూకం తప్పండీ. కొట్టేయండి."

"కార్డులో కొట్టివేతలు ఉండకూడదమ్మా. అయినా బిడ్డ బొద్దుగా ఉందిగా, ఇప్పుడెందుకు అదంతా?"

టీకా వేయగానే బిడ్డ గుక్కపట్టింది. తక్కెడమ్మ గబుక్కున ఎత్తుకుని గుండెలకు హత్తుకుంది. ఏడుపు ఆగలేదు. అత్త సంచిలోంచి సీసా తీసి ఊపింది.

"ఇటివ్వు, నేను పడతా."

ఆమె బిడ్డను ఇవ్వలేదు. సీసా లాక్కుని తనే పట్టింది. బిడ్డ ఠక్కున ఏడుపు ఆపి, సీసాను రెండు చేతులా తడుముతూ తాగసాగింది.

"చూశావా, ఎలా తాగుతోందో" అంది అత్త మురిపెంగా.