దిష్టి తీసిన సాయంత్రం

మా ఆఫీసు వాళ్ళు వచ్చి, టీ తాగి, బుద్ధిగా వెళ్ళిపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అలా ఉంటారా! "ఎంత బొద్దుగా ఉన్నాడే, ఆ బుగ్గలు చూడవే" అంటూ మా చైతును ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి తిప్పుతూ, ఆ ఆదివారం మధ్యాహ్నమంతా మారతహళ్ళిలోని మా రెండు గదుల ఇంట్లో తిరునాళ్ళు చేశారు. వాళ్ళు మెట్లు దిగీ దిగకముందే మా అత్తగారు మునివెంకటమ్మ తేల్చి పారేసింది.

"బిడ్డకు దిష్టి తగిలుండాది. చూడు, కండ్లు ఎట్ల వాల్చేసినాడో."

"నిద్రొస్తోంది అత్తయ్యా. మధ్యాహ్నం వాణ్ణి ఎవరు పడుకోనిచ్చారు?"

"నీకు తెలీదులేమ్మా."

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు తెలీదట! తొమ్మిది నెలలు మోసింది నేను, ఆపరేషన్ చేయించుకుని కన్నది నేను, తెలిసింది మాత్రం ఆవిడకు. పైకి అనలేదనుకోండి. అనడానికి నోరెక్కడుంది? నా సెలవు అయిపోతే ములబాగిలు దగ్గర తన ఇల్లూ పాడీ వదిలేసి వచ్చి వాణ్ణి చూసుకుంటున్నది ఆవిడే. పొద్దున వాడు లేవకముందే నాకు క్యాబ్ వస్తుంది. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి నేను ఇల్లు చేరేసరికి వాడు వాళ్ళవ్వ భుజం మీద ఉంటాడు. "రా నాన్నా" అని చేతులు చాపితే, ఎవరో ఇన్సూరెన్సు మనిషి వచ్చినట్టు నన్నోసారి చూసి మొహం తిప్పేసుకుంటాడు. ఏడో నెలలో పాకడం మొదలుపెట్టాడు. మొదటిసారి పాకింది కూడా ఆవిడ దగ్గరికే. ఆ కబురు నాకు ఆఫీసులో ఫోన్ మీద అందింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను చూసి నా వైపు పాక్కుంటూ రాడా అని నేను ఎంత ఆశపడ్డానో ఆ దేవుడికే తెలుసు.

సందె వేళకు ఆవిడ వాడికి స్నానం చేయించి, ఇనుప బాణలిలో బొగ్గులు రాజేసి సాంబ్రాణి పొగ వేసింది. పొగ పోవడానికి బాల్కనీ తలుపు బార్లా తీసింది. తరువాత గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని వాడి చుట్టూ తిప్పుతూ, వచ్చినవాళ్ళ కళ్ళు, పోయినవాళ్ళ కళ్ళు, ఎదురింటివాళ్ళ కళ్ళు అని ఒక్కొక్కరినీ తలుచుకుంటూ వచ్చి, చివర్లో "తల్లి కండ్లు గూడా పోవాల" అంది.

"నా కళ్ళేం చేశాయండీ మధ్యలో?"

"తల్లి దిష్టి ఇంకా ఎక్కువమ్మా. మాట్లాడగూడదు, ఉండు."

ఉన్నాను. మా ఆయన గురుమూర్తి ఇంట్లో ఉంటే మొహాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయనకు ఆదివారం కూడా ఆఫీసే, ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందట.

"నేను మూడు దార్ల కాడ పారేసి వస్తా. నువ్వు చెంబుతో నీళ్ళు పట్టుకోని వాకిలి బయట నిలబడు. కాళ్ళ మీద నీళ్ళు పడినంక గానీ నేను లోపలికి వచ్చేది లేదు. వెనక నుంచి పిలవొద్దు. పిలిచినా నేను తిరగను, పలకను. తిరిగితే ఆ దిష్టి మళ్ళీ నా వెంబడే వస్తాది" అని చెప్పి, గుప్పిట బిగించి మెట్లు దిగింది.

నేను చైతును చాప మీద కూర్చోబెట్టి చుట్టూ దిండ్లు పేర్చాను. బాణలి హాలు మధ్యలో ఇటుక మీదే ఉంది. మిగిలిన మిరపకాయలు తను వచ్చాక ఆ నిప్పుల్లో వెయ్యాలట, అందుకని దాన్ని కదపవద్దంది. ఎంతసేపులే, వీధి చివర మూడు దార్లు కలిసే బేకరీ దాకానే కదా అని చెంబు పట్టుకుని గుమ్మం దాటాను. బాల్కనీలోంచి ఒక్క విసురు గాలి వచ్చింది. నా వెనక తలుపు ధడాలున పడింది.

తలుపు పడడమే కాదు, తాళం కూడా పడింది. అది మా ఆయన ఘనకార్యం. మా వీధిలో దొంగతనం జరిగిందని పోయిన నెలలోనే దానంతట అది పడిపోయే లాక్ వేయించాడు. లోపలి నుంచి చేత్తో తీసుకోవచ్చు, బయటి నుంచి తాళంచెవి ఉండాలి. తాళంచెవి ఫ్రిజ్ మీద ఉంది. సెల్ ఫోన్ మంచం మీద ఉంది. నా బిడ్డ నిప్పుల దగ్గర ఉన్నాడు.

చెంబు ఎప్పుడు జారిందో, నీళ్ళన్నీ మెట్ల మీద పారుతున్నాయి. నేల మీద పడుకుని తలుపు కింది సందులోంచి చూశాను. వేలు దూరేంత సందు. చాప అంచు కనిపించింది, పక్కకు దొర్లిన దిండు కనిపించింది. తరువాత వాడి కాళ్ళ మువ్వలు మోగాయి. వాడి చిన్న మోకాళ్ళు దిండు దాటి ఇవతలికి వచ్చాయి.

"చైతూ! నాన్నా! ఇటు రా, అమ్మ ఇక్కడుంది!"

మోకాళ్ళు ఆగాయి. నవ్వాడు. నాతో ఆట అనుకున్నాడు. మళ్ళీ మువ్వలు, ఈసారి బాణలి వైపు. ఎర్రగా ఏం కనిపించినా వాడికి కావాలి, నోట్లో పెట్టుకోవాలి.

"వద్దురా! ఒరేయ్, వద్దురా! చైతూ!"

నేను ఎంత అరిస్తే వాడు అంత ఆగి, అంత విని, మళ్ళీ అటే పోతున్నాడు. లేచి మెట్ల పిట్టగోడ మీంచి వీధిలోకి చూశాను. మా అత్తగారు బేకరీ దగ్గర పారేసి వెనక్కి వస్తుందనుకున్నాను. ఎక్కడ! ఇంకా అటే నడుస్తోంది, తాపీగా, గుప్పిట బిగించి.

"అత్తయ్యా! అత్తయ్యా! తలుపు పడిపోయింది, రండి!"

ఏదో ఇంటి గొడవనుకుని వీధిలో పోయేవాళ్ళందరూ ఒకసారి తలెత్తి చూశారు. ఆవిడ తప్ప. ఆవిడ వీపు మాత్రం బిగుసుకుంది, నాకు కనిపించింది. విన్నది. విని కూడా తిరగలేదు. పిలవొద్దని అంత చెప్పినా ఈ పిల్ల పిలుస్తోందే అని మనసులో నన్ను తిట్టుకుంటూ ఉండి ఉంటుంది. నా జన్మలో ఎవరి మీదా అంత కోపం రాలేదు.

మళ్ళీ తలుపు దగ్గర పడ్డాను. కింద ఇంటి ఓనర్లు తిరుపతి వెళ్ళారు, వాళ్ళ ఇంటికి తాళం. ఎవరినైనా పిలుచుకురావాలంటే వీధిలోకి పరుగెత్తాలి. పరుగెత్తితే వాడితో మాట్లాడేది ఎవరు? నా మాట వాడిని రప్పించకపోయినా కాసేపు ఆపుతోంది కదా. చప్పట్లు కొట్టాను, పిల్లిలా అరిచాను, పాడాను. వాడు సగం దూరం వెళ్ళి కూర్చున్నాడు. బాణలి వాడి చేతికి మూడు జానల దూరం కూడా లేదు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. మా అత్తగారు పై మెట్టు మీద నిలబడి, పెదవులు బిగబట్టి, తడి కాని చోటు చూసి కాళ్ళు ముందుకు పెట్టింది. చెంబేదని చేత్తో సైగ చేసింది.

"కాళ్ళూ లేదు, నా మొహమూ లేదు! తలుపు పడిపోయింది! వాడు లోపలే ఉన్నాడు, నిప్పుల దగ్గరికి పోతున్నాడు!"

"అయ్యో నా మగా, నా బిడ్డా!"

ఆ నోరు అంత పెద్దగా తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆచారమూ లేదు, కాళ్ళూ లేవు, దబ్బున బోర్లా పడి తలుపు కింద వేళ్ళు దూర్చింది.

"ఏమప్పా చైతప్పా! యాడికి పోతుండావప్పా? అవ్వ ఈడ ఉండాది సూడు. రా నా దొరా, రా రా రా."

మువ్వలు ఆగాయి. తరువాత గలగలమంటూ ఇటు తిరిగాయి. వాడు పరుగులాంటి పాకుడుతో వచ్చి, తలుపుకు తల కొట్టుకుని, ఆవిడ వేలు పట్టుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. అంతసేపు గొంతు చించుకున్నది నేను కదా.

లేచి భుజంతో తలుపును ఒక్క గుద్దు గుద్దాను.

"వద్దు! వద్దమ్మా! బిడ్డ తలుపుకే ఆనుకోనుండాడు! అది విరిగితే వాడి మీదనే పడతాది."

నిజమే. ఇప్పుడు తలుపు జోలికి పోవడానికి లేదు.

"బాల్కనీ తలుపు తీసే ఉండాది గదా. పక్క బిల్డింగు కాడ పిల్లప్ప ఉంటాడు, నిచ్చెన ఉంటాది. బేగ పో. నేను వీణ్ణి కదలనీను."

"నేను ఇక్కడే ఉంటాను, మీరు..."

"నీ మాటకు వాడు నిలవడమ్మా" అంది, తల ఎత్తకుండానే.

కావాలని గుచ్చిన మాట కాదు. ఉన్న మాట. అందుకే పరుగెత్తాను.

పిల్లప్ప పక్కన కడుతున్న బిల్డింగుకు వాచ్‌మన్. ఇసుక కుప్ప మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. నేనేం చెప్పానో నాకే తెలీదు, "చైతు, నిప్పులు, నిచ్చెన" అన్నట్టున్నాను. బీడీ పారేసి వెదురు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి మా బాల్కనీకి ఆనించాడు.

"నేనెక్కుతా ఉండమ్మా."

నేను అప్పటికే ఎక్కుతున్నాను. నైటీ కాళ్ళకు అడ్డం పడుతోంది, నిచ్చెన అటూ ఇటూ ఊగుతోంది, కింద అతను "బద్రమమ్మా, బద్రం" అంటున్నాడు. తల కటకటాల పైకి వచ్చింది. ఒక కాలు ఎత్తి లోపల వేశాను. నైటీ కటకటానికి ఉన్న ఏదో తీగకు చిక్కుకుంది. లాగితే రాలేదు.

ఆ చప్పుడుకు చైతు తిరిగి చూశాడు. హాలుకు ఆ చివర వాడు, ఈ చివర నేను, మధ్యలో బాణలి. నన్ను గుర్తుపట్టాడు. మొహమంతా విప్పారింది. వాళ్ళవ్వ వేలు వదిలేసి, రెండు చేతులూ నేల మీద వేసి, నా వైపు బయలుదేరాడు.

ఇన్నాళ్ళూ నేను దేనికోసం ఏడ్చానో అది జరుగుతోంది. నా కొడుకు నా దగ్గరికి వస్తున్నాడు, నవ్వుతూ, చొంగ కారుస్తూ, తిన్నగా నిప్పుల మీదుగా.

"పోవద్దప్పా! యాడికప్పా? అవ్వ ఈడుండాది రా!" బయట ఆవిడ గొంతు పగిలిపోతోంది. వాడు వినడం లేదు. నేను ఆగమని అరిస్తే? నా గొంతు వింటే ఇంకా ఉత్సాహంగా వస్తాడు. చెయ్యి చూపిస్తే పిలిచాననుకుంటాడు. ఇక చేసేది లేక మొహం దాచుకున్నాను. కటకటాల మీద ఉన్నదాన్ని ఉన్నట్టే తల కిందికి దించేసి, నా బిడ్డకు నేను కనిపించకుండా దాక్కున్నాను. నోట్లో చెయ్యి కుక్కుకున్నాను.

మువ్వలు ఆగాయి. అమ్మ ఏదీ అన్నట్టు "ఊ?" అన్నాడు. మళ్ళీ "ఊ?" అన్నాడు. తరువాత ఏడుపు లంకించుకున్నాడు. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. నాకోసం ఏడుస్తున్నాడు. అవ్వ పిలుస్తున్నా ఆపలేదు.

రెండు చేతులతో నైటీని పట్టి చించేశాను. లోపలికి దూకాను. వాడు నన్ను చూసి, ఏడుపులోనే నవ్వి, ఒక్క ఊపున ముందుకు వచ్చి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి బాణలి అంచు మీద పడబోయింది. నేను ఆ బాణలిని వట్టి చేత్తోనే పట్టుకుని పక్కకు లాగి పారేశాను. బొగ్గులు గచ్చంతా దొర్లాయి, ఒకటి నా పాదం మీద పడింది. వాణ్ణి ఎత్తుకున్నాను. రెండు అరచేతులూ చూశాను, మోకాళ్ళు చూశాను, కాలి వేళ్ళు చూశాను. ఎక్కడా ఏమీ లేదు. వాడు నా మెడను కావిలించుకుని వెక్కుతున్నాడు. నా చెయ్యి కాలిన సంగతి నాకు తెలియనే లేదు.

తలుపు తీశాను. మా అత్తగారు చెంప బండకు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంకా పిలుస్తూనే ఉంది. తలుపు కింద దూర్చిన వేళ్ళు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"అత్తయ్యా, వీడు నా దగ్గరున్నాడు. ఏం కాలేదు."

కళ్ళు తెరిచింది. వాడి వైపు చేతులు చాపలేదు. కింద నుంచే చూసింది.

"ఎంత పిలిచినా నిలవలేదమ్మా" అంది. "నన్ను వదిలేసి నీ కాడికి పోయినాడు."

ఆ గొంతు నాకు తెలుసు. రోజూ సాయంత్రం క్యాబ్ దిగి వచ్చి, చాపిన చేతులు దించుకునేటప్పుడు నా గొంతు అదే. ఆవిణ్ణి తిట్టాలని నిచ్చెన దాకా దారి పొడుగునా పోగేసుకున్న మాటలన్నీ నోటి చివరే ఉన్నాయి. దిష్టి, మిరపకాయలు, కాళ్ళు, తిరగని ఆ వీపు, అన్నీ.

"లేవండి ముందు! ఆ రక్తం చూశారా? బండ మీద అట్లా పడుకుంటారా ఎవరైనా, బుద్ధి లేకపోతే సరి!" అని అరిచాను. అరుస్తూనే ఆవిడ పక్కన కూలబడి వాణ్ణి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టాను. వాడు ఒక చేత్తో ఆవిడ చెంగు పట్టుకున్నాడు, రెండో చేత్తో నా చిరిగిన నైటీని వదల్లేదు. ఆవిడ ఏడ్చింది. నేను ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. కింద నుంచి పిల్లప్ప "బిడ్డ బాగుండాడామ్మా? ఏమ్మా, బాగుండాడా?" అని అడుగుతూనే ఉన్నాడు.