ఒక్కొక్కరికీ పది ఇటుకలు

"మూడు రోజులకే కదక్కా, ముప్పై ఏళ్ళకు సరిపడా సర్దుతున్నావు."

అక్క వినిపించుకోలేదు. సంచిలో తువ్వాళ్ళు, వాటి మీద మోకాళ్ళ తైలం, టార్చి, సూదీదారం కూరింది. "పిల్లలకు పడగొట్టడం నేర్పడానికి వెళ్తున్నావు. ఏ గోడో నెత్తిన పడితే?"

"పడగొట్టడం కాదు, పడగొట్టే ముందు సిగ్గుపడటం," అని నవ్వి చెల్లెలు సుత్తి కూడా పెట్టుకుంది.

చెల్లెలు ఆర్కిటెక్చర్ కాలేజీలో మేడం. భూమిని పాడు చేయకుండా ఎలా కట్టాలి, అసలు కట్టాలా వద్దా అన్నది ఆమె చెప్పే పాఠం. పరీక్షలో పిల్లలంతా బంగారంలా రాసేవారు. గీయమంటే మాత్రం పాతదంతా పలక తుడిచినట్టు తుడిచేసేవారు. అందుకని ఆమె ఒక నియమం పెట్టింది. కాగితం మీద గోడ కొట్టేసినవాళ్ళు ఆ గోడ దగ్గరికి వెళ్ళి పది ఇటుకలు చేత్తో ఊడదీసి, సున్నం గీకి, పేర్చి రావాలి. ఆ తర్వాతే కొత్త గీత.

ఈసారి వంతు ఒక ఆసుపత్రి లాండ్రీది. వేసవి వస్తే లోపల కొలిమే. దాన్ని కూల్చి యంత్రాల హాలు కట్టడమా, బాగుచేయడమా అన్నది శుక్రవారం కమిటీ తేల్చబోతోంది. హాలు వస్తే ఇస్త్రీ చేసే నలుగురూ ఇంటికే. వాళ్ళలో పెద్దది ముప్పై ఎనిమిదేళ్ళుగా అక్కడే నిలబడ్డ మనిషి. అందరికీ పెద్దమ్మ.

మేడం వెంట ముగ్గురు పిల్లలు వచ్చారు. కోళ్ళగూడు గీయమన్నా నాలుగు వైపులా అద్దాలు పెట్టే అమ్మాయి ఒకతె. అందుకే ఆమెను 'అద్దం' అంటారు. అద్దం తన కొత్త హాలు బొమ్మ పరిచింది.

"ఇదేంటి బుజ్జమ్మా, చేపల తొట్టా?" అంది పెద్దమ్మ.

"కరెంటు ఆదా పెద్దమ్మా. పైన సోలార్ పలకలు."

"పలకలు పైన సరే. మేమెక్కడ?"

అద్దం కాగితమంతా వెతికింది. "మీరు... ఉండరు."

"అయితే చేపలు కూడా లేని తొట్టన్నమాట!"

మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. అద్దం మొహం కందగడ్డలా అయింది.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. ఎలాగూ పోయేదేనని పడమటి గోడ తాకడానికి ఆసుపత్రి అనుమతి ఇచ్చింది. పాత సున్నపు గోడ కావడంతో ఉలి ఆనించి కొడితే ఇటుక చెక్కుచెదరకుండా ఊడి వస్తోంది. ఐదో ఇటుక మీద కుక్క పాదం అచ్చు కనబడితే, అద్దం దాన్ని గేటు దగ్గరున్న మేడం దగ్గరికి మోసుకెళ్ళింది.

"మేడం, దీన్ని కుక్క తొక్కింది!"

"పచ్చిగా ఆరేసినప్పుడు తొక్కి ఉంటుంది. వందేళ్ళయినా ఇటుక ఇటుకలాగే ఉంది. రేపు నీ హాలు విప్పేవాళ్ళకు ఏం మిగులుతుంది?"

అద్దం ఆలోచించింది. "గాజు పెంకులు," అంది మెల్లగా.

మేడం నీళ్ళు తెచ్చేసరికి ముప్పై ఇటుకలూ వరసగా పేర్చి ఉన్నాయి. గోడలో కిటికీ అంత కంత, పైన చెక్క ఆసరా. ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏ గోడర్రా ఇది?"

"పడమటిదే మేడం."

"నీ వీపు మీద పొద్దుటెండ కొడుతుంటే పడమరెలా అయిందే?"

అద్దం కాగితం చూసింది. ఉత్తరం గుర్తు తన పాదాల వైపు ఉంది. బొమ్మ తలకిందులుగా పట్టుకుని, ముట్టుకోకూడని తూర్పు గోడకు కంత పెట్టారు! కమిటీకి ఇంతకంటే సాకు కావాలా? గోడ పాడైంది, కూల్చేయండి అంటారు.

అంతలో లోపలి నుంచి కేక: "ఎవరే అక్కడ? మూయకండి! గాలొస్తోంది!"

పరుగెత్తి చూస్తే, ఎదురు గుమ్మంలోకి గాలి జోరుగా తోసుకుపోతోంది. పెద్దమ్మ కంత ముందు కళ్ళు మూసుకుని నిలబడింది. తెల్ల వెంట్రుకలు నుదుటి మీద ఎగురుతున్నాయి. "ముప్పై ఎనిమిదేళ్ళకు మీ బుర్ర తలకిందులైతే గానీ నాకు గాలి దొరకలేదర్రా!"

మేడం నవ్వాపుకోలేక ఇటుకల మీద కూలబడింది.

శుక్రవారం కమిటీ పెద్దాయన కంత చూసి రుసరుసలాడాడు. పెద్దమ్మ కంతకు చెక్క అడ్డం పెట్టి, ఆయన చేతికి ఇస్త్రీపెట్టె ఇచ్చింది. "ఒక్క దుప్పటి చేయండి బాబూ." సగం దుప్పటికే ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

"తీయమ్మా ఆ చెక్క!"

గాలి వచ్చింది. ఆయన మిగతా సగం పూర్తిచేసి, ఇంకొకటి అడిగాడు. అప్పుడు అద్దం కొత్త కాగితం విప్పింది: అవే ఇటుకలతో మూడు కిటికీలు, వాటి ముందు నలుగురు మనుషులు. ఈసారి ఉత్తరం గుర్తు రెండుసార్లు వేసింది.

కూల్చివేత ఆగింది. మూడు వారాల్లో కిటికీలు లేచాయి. పెద్దమ్మ మొదటి కిటికీ దగ్గర పదకొండు నెలలు ఇస్త్రీ చేసింది. మరుసటి వేసవిలో కూతుర్ని చూసి వస్తానని సెలవు పెట్టి వెళ్ళింది. తిరిగి రాలేదు. వెళ్ళిన రెండో ఆదివారం కూతురింట్లోనే పోయింది.